అందరికీ ఒకే కత్తి

మెడ తిప్పితే గ్రాడీకి ప్రాణం పోతోంది. అయినా అయోవా రాష్ట్ర స్కూళ్ల కుస్తీ పోటీలు రేపే మరి! ఎమర్జెన్సీలో మంచం మీద కూర్చుని లేని నవ్వొకటి తెచ్చిపెట్టుకున్నాడు.

"సాలీడు కుట్టింది డాక్టర్ గారూ. ఓ మాత్ర పడేస్తే పోతా."

డాక్టర్ సోల్‌హైమ్ వంగి, మెడ వెనక ఎర్రగా ఉబ్బిన గడ్డను చూసింది. "ఇంట్లో ఏమైనా మింగావా?"

"అమ్మ పంటినొప్పికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్‌లు. ఏం పని చెయ్యలేదు."

"మీ జట్టులో ఇంకెవరికైనా ఉందా?"

"ఇద్దరికి. వాళ్లనీ సాలీడే..."

"అబ్బో, ఊరంతా వదిలేసి కుస్తీ వాళ్లనే ఏరుకుని కుడుతోందా!" అంది డాక్టర్. వెంటనే గొంతు మారింది. "ఇది సాలీడు కాదు నాయనా. మామూలు మందులకు లొంగని క్రిమిలా ఉంది. ఒంటి నుంచి ఒంటికి పాకుతుంది. తువ్వాళ్లూ, గడ్డం కత్తులూ ఒకరివొకరు వాడతారా?"

గ్రాడీకి చప్పున గుర్తొచ్చింది. కెప్టెన్‌గా తన దగ్గరుండే కత్తి! పెద్ద పోటీల ముందు జట్టు మొత్తానికీ ఒకే కత్తితో మెడలు గొరగడం వాళ్ల ఆనవాయితీ. పోయిన వారం ఆత్రం ఆగక తను గొరుక్కుని, ఇంకో ఇద్దరికీ తనే గొరిగాడు. గడ్డలు లేచింది వాళ్లకే. మిగతావాళ్ల వంతు ఇప్పుడు. ఆ కత్తిని కోచ్ చేతిలో పెట్టి మరీ వచ్చాడు తెలివైన కెప్టెన్! వరసలో మొదటివాడు తమ్ముడు ఎమ్మెట్.

ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. గొరిగేటప్పుడు ఫోన్లన్నీ పెట్టెలో పడేసి తాళం వేస్తారు.

గడ్డ సంగతి చెబితే రేపు తనను కుస్తీ చాప మీద అడుగు పెట్టనివ్వరు. నాలుగేళ్ల చెమట! ఒక్క క్షణం ఆగాడు, ఆగినందుకు సిగ్గుపడ్డాడు, "అందరికీ ఒకే కత్తితో గొరుగుతున్నారు, ఆపాలి!" అంటూ మంచం మీంచి దూకాడు.

"కట్టు కట్టనీ!" అని కేకేసి, గడ్డ మీద గట్టిగా కట్టేసింది డాక్టర్. "ఆపేసి నేరుగా ఇక్కడికే రా. దాన్ని కోసి చీము తియ్యాలి."

మంచులో జారుతూ, తిట్టుకుంటూ కారు నడిపాడు. జిమ్ తలుపు తోసేసరికి ఎమ్మెట్ తల వంచుకుని ఉన్నాడు, మెడ నిండా నురగ. కోచ్ చేతిలో కత్తి లేచింది.

"ఆపండి!" గ్రాడీ కత్తి లాక్కున్నాడు.

"పిచ్చి పట్టిందట్రా?" అన్నాడు కోచ్.

"సాలీడూ లేదు గీలీడూ లేదు కోచ్! మాకు గడ్డలొచ్చింది ఈ కత్తి వల్లే."

కోచ్ మొహం పాలిపోయింది. "మరి రేపు నువ్వు దిగలేవు, తెలుసుగా?"

"తెలుసు."

"అన్నయ్యా, గొరగకపోతే అదృష్టం పోతుందిరా!" ఎమ్మెట్ ఏడుపు గొంతుతో అన్నాడు.

"పోతే పోనీరా. మెడ మిగులుతుంది."

మర్నాడు పోటీల దగ్గర చర్మం పరీక్షించే మనిషి ఎమ్మెట్ మెడ మీది జుట్టు పక్కకు తీసి చూసి, వెళ్లమని తలూపాడు. ప్రేక్షకుల పైమెట్ల మీద గ్రాడీ, కోసిన చోట భగ్గుమంటున్నా సరే, గొంతు చించుకుని అరిచాడు. ఎమ్మెట్ చాప ఎక్కబోతూ ఆగాడు. అన్న వైపు వీపు తిప్పి, గొరగని మెడను అరచేత్తో గట్టిగా చరుచుకున్నాడు.