ఇద్దరున్న చోటు

భార్య పోయాక ఫ్రేములాయనకు వచ్చిపడిన చిక్కు వంట గురించి కాదు. ఏదో ఒకటి ఉడకేసుకుంటున్నాడు, మాడితే మాడిందే తింటున్నాడు. పగలంతా కొట్లో కూర్చుని ఎవరెవరి పెళ్లి ఫోటోలకో అద్దం కోసి, చెక్క పట్టీలు బిగిస్తున్నాడు. పలకరించిన వాళ్లకు "ఆ, బాగానే ఉన్నా" అని జవాబు కూడా చెబుతున్నాడు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. బల్ల దగ్గర కూర్చోవడానికి రెండో మనిషి లేదు.

ఆ బల్ల సంగతి చెప్పాలి. వాళ్లకు ఒక్కగానొక్క కొడుకు. ఏడేళ్లవాడు, జ్వరం వచ్చి పోయాడు. అప్పట్లో మొగుడూ పెళ్లాం ఒక క్రైస్తవ సంఘానికి వెళ్లేవాళ్లు. పిల్లవాణ్ణి మట్టిలో పెట్టిన వారానికే అక్కడి పెద్ద ఒకాయన లేచి, తల్లిదండ్రుల్లో విశ్వాసం తక్కువైతే ఇలాంటివే జరుగుతాయని అందరి ముందూ అన్నాడు. నోరా అది! ఫ్రేములాయన లేచాడు. భార్య చెయ్యి పట్టుకుని పాట మధ్యలోనే బయటికి నడిచాడు. మళ్లీ ఏ సంఘం గడపా తొక్కలేదు.

ప్రభువును మాత్రం వదల్లేదు. అదే ఎవరికీ మింగుడుపడేది కాదు. సంఘాల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇంటికొచ్చి బుజ్జగించారు. తల మీద నీళ్లు చల్లించుకున్న బాప్తిస్మం చెల్లదని ఒకాయన అన్నాడు. నీళ్లలో ముంచినా సరిపోదు, ఎవరు ముంచారన్నది ముఖ్యమని ఇంకొకాయన అన్నాడు. "అయ్యా, ముందు మీరూ మీరూ తేల్చుకుని రండి. ఈలోపు నేను ఆయనతో మాట్లాడుకుంటుంటాను" అని టీ ఇచ్చి పంపేవాడు. తనకూ ప్రభువుకూ మధ్య దళారీ అక్కర్లేదనేవాడు.

అలాగని ఇష్టారాజ్యంగా ఉండే మనిషి కాదు. ఇద్దరో ముగ్గురో తన పేరున కూడితే వాళ్ల మధ్య తానుంటానని ప్రభువు ఇచ్చిన మాటను ఆయన అక్షరాలా పట్టుకున్నాడు. ఇంట్లో ఇద్దరున్నారు, ఇంకేం కావాలి? ప్రతి ఆదివారం సాయంత్రం వంటింటి బల్ల తుడిచి, తెల్లగుడ్డ పరిచి, ప్రభువు కడరాత్రి భోజనానికి గుర్తుగా ఒక రొట్టె, ఒక గ్లాసులో ద్రాక్షరసం పెట్టేది ఆవిడ. ఆయన వాక్యం చదివి, ప్రార్థన చేసి, రొట్టె విరిచేవాడు. ఆవిడ గట్టిగా "ఆమెన్" అనేది. గదిలోకి ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఆయనకు తెలిసేది. ఎలా తెలిసేదని అడిగితే చెప్పలేడు. పక్కగదిలో మనిషి ఉంటే మనకు తెలియదూ, అలా.

ఇప్పుడు ఒక్కడు. ఒక్కడి దగ్గరికి వస్తానని ప్రభువు ఎక్కడా మాటివ్వలేదని ఆయన భయం. పిచ్చి భయమే, కాదనను. తలుపేసుకుని ఒంటరిగా ప్రార్థించమని కూడా చెప్పాడు కదా అని ఎవరైనా అంటే, "అది ప్రార్థన సంగతి, ఇది బల్ల సంగతి" అని కొట్టిపారేసేవాడు. మొండిఘటం! ఆవిడ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం రొట్టె తెచ్చి ముందు పెట్టుకున్నాడు గాని, విరవడానికి చెయ్యి రాలేదు. గదిలో ఎవరూ లేరు. నిజంగానే ఎవరూ లేరనిపించింది.

పక్క కొట్లో తాళంచెవులు చేసే అతను ఉన్నాడు. దేవుడి జోలికి పోని మనిషి, కానీ అడిగినవాళ్లకు కాదనడం చేతకాదు. ఫ్రేములాయన సిగ్గు విడిచి అతన్ని అడిగాడు.

"నాకు ఇవన్నీ తెలీవన్నా" అన్నాడు తాళాలతను. "దేవుడు నాకు పరీక్షలప్పుడు గుర్తొచ్చాడు, ఫెయిలయ్యాక మర్చిపోయాను."

"ఏం తెలియక్కర్లేదు తమ్ముడూ. కూర్చుంటే చాలు."

"కూర్చోవడమే అయితే వస్తా."

వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. కళ్లు మూసుకోవాలా అని అడిగాడు. మూసుకోమంటే మూసుకున్నాడు. ప్రార్థన సగానికి వచ్చేసరికి సన్నగా గురక మొదలైంది. ఫ్రేములాయన గొంతు సవరించుకుంటే ఉలిక్కిపడి లేచి, ఏదో ఒకటి అనాలి కాబోలనుకుని "సరేనన్నా, అలాగే కానియ్" అన్నాడు. ఫ్రేములాయనకు నవ్వొచ్చింది. ఆవిడ పోయాక అదే మొదటి నవ్వు. ఈ ముచ్చట చెప్పుకోవడానికి ఆవిడ లేదని మరుక్షణమే గుర్తొచ్చి భోరున ఏడ్చాడు. పాపం తాళాలతనికి ఏం చెయ్యాలో తోచక ఆయన వీపు నిమురుతూ అలాగే నిలబడిపోయాడు.

ఆ తర్వాత ఆయన ప్రార్థన కూడా మానేశాడు. భోజనం ముందు తలవంచడం లేదు. పని చేసుకుంటూ తనలో తాను ప్రభువుతో గొణుక్కునే అలవాటుండేది, అదీ పోయింది. కొట్లో సుత్తి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఈ సంగతి తాళాలతను మోసుకెళ్లి మరదలికి చెప్పాడు. మరదలంటే ఫ్రేములాయన భార్యకు చెల్లెలు. పెద్ద సంఘంలో సభ్యురాలు. అక్కకు జబ్బు చేసినప్పుడు ఆస్పత్రిలో పక్కనుండి చాకిరీ అంతా చేసింది తనే. శనివారం, కొట్టు మూసే వేళకు వచ్చింది.

"ఏంటి బావా, ప్రార్థన కూడా మానేశావట?"

"మానక? ఎవరున్నారని?" అద్దం తుడుస్తూ తలెత్తకుండా అన్నాడు. "ఇన్నాళ్లూ ప్రభువు నన్ను చూసి వస్తున్నాడనుకున్నాను. కాదమ్మా. మీ అక్కను చూసి వచ్చాడు. విశ్వాసం తనది. ఆ రోజు సంఘంలో ఆ పెద్దమనిషి అన్నది నిజమే, తక్కువ నాలోనే ఉంది. నావల్లే బాబు..."

"బావా, ఆ మాట అనకు."

"ఎందుకనకూడదు? తను వెళ్లిపోగానే ఆయనా వెళ్లిపోయాడు. కనపడుతూనే ఉందిగా."

మరదలు స్టూలు మీద కూలబడింది. అక్కకు మాటిచ్చింది మరి, ఎలా నోరు విప్పడం? కానీ ఎదురుగా ఈ మనిషి కొడుకు చావును తెచ్చి తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇక ఆగలేకపోయింది.

"అక్క నమ్మేది కాదు బావా."

"ఏంటీ?"

"ప్రభువును. బాబు పోయిన దగ్గర్నుంచీ అంతే. ఆస్పత్రిలో మా పాస్టరు గారిని పిలిపించి ప్రార్థన చేయిస్తానంటే వద్దంది. 'మీ బావ ఆ రోజు సంఘంలోంచి ప్రభువును వెంటబెట్టుకుని బయటికొచ్చాడు, నేను అక్కడే బెంచీ మీద వదిలేసి వచ్చానే' అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"అబద్ధం!" అన్నాడాయన. "వారం వారం నా పక్కన కూర్చునేది."

"ఇద్దరుండాలన్నావుగా. తను లేచి వెళ్లిపోతే నువ్వు ఒక్కడివైపోతావని కూర్చుంది."

"మరి ఆమెన్ అనేదిగా? అంత గట్టిగా? ఎవరికనేది?"

"నీకు, బావా."

ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మరదలు దగ్గరికి జరిగింది. "చూడు బావా, ఆ బల్ల దగ్గర నమ్మింది నువ్వొక్కడివే. అయినా వచ్చాడు కదా? నువ్వొక్కడివే ఉన్నా వచ్చాడు. నీలో తక్కువేం లేదు, ఏనాడూ లేదు."

ఆ మాటతో ఆయన మొహం విప్పారుతుందనుకుంది. ఇంకా నల్లబడింది. భార్య సమాధి దగ్గర అందరి ముందూ ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు, బాబు దగ్గరికి వెళ్లిందని. ఆ మాటను పట్టుకునే ఇన్నాళ్లూ పొద్దున్నే లేస్తున్నాడు, కొట్టు తెరుస్తున్నాడు.

"మరి ఇప్పుడు తను ఎక్కడుందమ్మా?" అని అడిగాడు.

మరదలి సంఘంలో దీనికి జవాబుంది. నమ్మనివాళ్లకు పరలోకంలో చోటు లేదని తడుముకోకుండా చెప్పే జవాబే. అది చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. బావ చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం ఆయన బల్ల తుడిచాడు. గుడ్డ ఎక్కడుంటుందో తెలియక అలమారా అంతా చిందరవందర చేశాడు. రొట్టె, గ్లాసు పెట్టి కూర్చున్నాడు. వాక్యం చదవలేదు, కళ్లు మూసుకోలేదు. తగాదాకు దిగినవాడిలా మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్లూ ఈ బల్ల తుడిచింది తను. గుడ్డ ఉతికింది తను. నువ్వొస్తావన్న నమ్మకం లేకపోయినా నీకు చోటు సర్దింది. నమ్మినవాణ్ణి నేనున్నానే, ఒక్కనాడు గ్లాసు కడిగిన పాపాన పోలేదు. వచ్చి కూర్చునేవాడివి కదా? మర్యాదలన్నీ తన చేతే చేయించుకున్నావు కదా? ఇప్పుడు తను నీ గుమ్మంలో నిలబడితే, నువ్వెవరో నాకు తెలీదని మాత్రం అనకు. అంటే నేను ఊరుకోను."

గ్లాసును బల్ల మధ్యకు జరిపాడు.

"లోపల తనకు చోటు లేదంటావా, నేనూ రాను. బయట ఉండటం మాకు అలవాటే. బాబును నువ్వు చూసుకో, నన్ను తన పక్కన వదిలెయ్. ఎప్పట్లాగే నీ పేరు నేను తలుస్తాను, తను నా పక్కన కూర్చుంటుంది. ఇద్దరం ఉంటాం. మాటిచ్చావు కాబట్టి నువ్వే బయటికి రావాలి."

గదిలోకి ఎవరైనా వచ్చారో లేదో ఆయన చూసుకోలేదు. చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, రొట్టె విరిచాడు.