ఆగమే సారూ

తెల్లారగానే రత్నకుమారి చేసే మొదటి పని రాళ్ళు సర్దుకోవడం. పాలగిన్నె మూత మీద ఒకటి, పేపరు మీద ఒకటి, వడియాలు పెట్టిన గుడ్డకి నాలుగు మూలలా నాలుగు. కూతురు సూర్యకళ మనసు నిలకడగా లేనప్పుడు చుట్టూ గాలి లేస్తుంది. నిలకడగా ఉన్న సూర్యకళ ఎలా ఉంటుందో నాచారంలో ఎవరూ చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి మౌలాలి గుట్ట వైపు చూసిందంటే చాలు, పక్కింటి దండెం మీది చీరలు లేచి నిలబడేవి. ఏం చూస్తున్నావే అంటే ఆ పిల్లకే తెలీదు. ఎక్కడికో వెళ్ళిపోవాలని ఉండేది. ఆ ఎక్కడికోకి ఏ బస్సూ వెళ్ళేది కాదు.

ఊళ్ళో వాళ్ళకి అదొక వసతి. పక్కనే పొలమున్న శాంతాబాయి వడ్లు తూర్పార పట్టే రోజున పొద్దున్నే వచ్చేది.

"బిడ్డా, జరొచ్చి కల్లం కాడ కూసో. ఏదన్న ఫికర్ జెయ్యి" అనేది.

సూర్యకళ గడ్డివాము నీడన కూర్చుని ఏదో ఒక దిగులు తలుచుకుని బుద్ధిగా ఫికరు చేసేది. గింజ ఒక పక్క, పొట్టు ఒక పక్క పడేవి.

ఆ యేడు ఫికరు వెతుక్కోవలసిన పని లేకపోయింది. మాఘమాసంలో కాకినాడలో ఆమెకు తాంబూలాలు పుచ్చుకుందామని పెద్దవాళ్ళు అనుకున్నారు. అబ్బాయి ఫొటోలో కుర్చీ మీద చేతులు పెట్టుకుని ఎటూ చూడకుండా కూర్చున్నాడు. చేతికిచ్చినప్పుడల్లా ఆ ఫొటో పెరట్లోకి ఎగిరిపోయేది. రత్నకుమారి తెచ్చి మళ్ళీ రాయి పెట్టేది. అత్తారింట్లో రాళ్ళుంటాయో ఉండవోనని ఆమె అప్పటికే ఒక గోనెసంచిలో నున్నటివి ఏరి దాచింది.

గంగాధరరావు దిగులు వేరు. ఆయన ఉప్పల్ వైపు ప్రయోగశాలలో గుమస్తా. ఉద్యోగం కోసం కోస్తా నుంచి ఈ వైపు వచ్చి, చేతులు మారి మారి వచ్చిన ఒక పాత హిల్మన్ కారు కొన్నాడు. సొంత కారులో వస్తున్నామని కాకినాడలో ఉన్న బావమరిదికి గొప్పగా కబురు పెట్టాడు. ఆ కారేమో మౌలాలి ఎత్తు ఎక్కడానికే దగ్గేది. కార్బురేటరు అరిగిపోయింది. ఆయన జుమ్మేరాత్ బజారుకి వెళ్ళి, నేల మీద పరిచిన పాతసామాన్లలోంచి ఏదో పెద్ద కారుకి ఉండే కార్బురేటరు ఒకటి బేరమాడి, పనసపండు తెచ్చినట్టు సంచిలో పెట్టుకుని తెచ్చాడు.

వాళ్ళింటికి ఎదురుగా రోడ్డు దాటితే బసవరాజు మెకానిక్ షెడ్డు. బసవరాజు నిదానమైన మనిషి. చేతిలోంచి పానా కింద పడితే వంగే ముందు కాసేపు దాన్ని చూసేవాడు. కార్బురేటరుని కూడా అలాగే అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని నోరు ఇంజనుకి మరీ పెద్దదని అతని గుబులు.

"గిది పెట్టుకోని కాకినాడ దాక పోతే, సారూ, ఆగమే" అన్నాడు.

గంగాధరరావు ముఖం వెలిగిపోయింది. "నాక్కావలసింది అదేనయ్యా. ఎక్కడా ఆగకూడదు."

బసవరాజు ఆయన్ని తేరిపార చూశాడు. నాశనమవుతుందంటే సంతోషపడే మనిషిని అతను అంతవరకు చూసి ఉండడు. మళ్ళీ చెప్పాడు, ఈసారి నొక్కి చెప్పాడు. "ఆగమైతది సారూ, నీ ఇష్టం." గంగాధరరావు అతని భుజం తట్టి, ఇంకేం మరి కానియ్యమన్నాడు.

తండ్రి పక్కనే నిలబడిన సూర్యకళ ఈ ఊళ్ళోనే పెరిగింది. ఆమెకు రెండు ఆగాలూ తెలుసు. నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు. కానీ కాకినాడ తలుచుకుంది, పెదవి బిగబట్టింది. షెడ్డు మీది రేకులు మాత్రం గలగలలాడాయి.

మంచి సామాను ఎక్కడ మార్చేస్తాడోనని కూతుర్ని కాపలా కూర్చోబెట్టి గంగాధరరావు ఆఫీసుకి వెళ్ళాడు. వీధరుగు మీంచి రత్నకుమారికి షెడ్డు కనబడుతూనే ఉంటుంది. బసవరాజు పాతదాన్ని విప్పి పక్కన పెట్టాడు. కొత్తదాని బోల్టు రంధ్రాలు ఇంజనుకి కలవలేదు. మధ్యలో వెయ్యడానికి అల్యూమినియం పలక ఒకటి ఆకురాయితో రాకాడు, అట్ట కోసి గాస్కెట్టు చేశాడు, యాక్సిలరేటరు కడ్డీని వంచి అందించాడు. అంతా అయ్యాక స్టార్ట్ చేస్తే కారు ఉబ్బసం మనిషిలా ఎగశ్వాస తీసింది.

ఇంజనుకు కావలసింది రెండేనని అతను ఆమెకు చెప్పాడు. జర పెట్రోలు, మస్తు గాలి. గాలి ఎక్కువైతే దగ్గుతుంది, పెట్రోలు ఎక్కువైతే నల్లగా కక్కుతుంది. ఆ రెండింటికీ సంధి కుదిర్చేది ఇదిగో, ఈ చిన్న స్క్రూ. అతను దాన్ని లోపలికి తిప్పాడు, బయటికి తిప్పాడు. దగ్గు తగ్గలేదు. తలెత్తి, రెపరెపలాడుతున్న ఆమె పైట చూశాడు.

"ఏం సోంచాయిస్తున్నవ్?"

"కాకినాడ."

"అది జర పక్కకు పెట్టు."

సూర్యకళ పక్కకి పెట్టింది. పెట్టి, అతని వేళ్ళు చూసింది. పసిపిల్ల చెవికి కొత్త పోగు పెట్టేటప్పుడు కంసాలి వేళ్ళు ఎలా కదులుతాయో అలా కదులుతున్నాయి. రేకులు మెల్లగా సద్దుమణిగాయి. రోడ్డు మీది దుమ్ము నేల మీద కూర్చుంది. స్క్రూ ఒకచోట నిలిచింది. బసవరాజు తన చాయ్ గ్లాసు తీసి ఇంజను మీద పెట్టాడు. అందులో చాయ్ తొణకలేదు. అరుగు మీద రత్నకుమారి చేతిలో రాయి పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక చాలాసేపు నిలబడిపోయింది.

బండి కుదిరిందంటే ప్రయాణం కుదిరినట్టే. ఆ సంగతి ఆ క్షణాన సూర్యకళకి గుర్తు రాలేదు. ఆమె నిలకడ తప్పితే ఆ స్క్రూ కుదురూ తప్పుతుందని బసవరాజుకీ తట్టలేదు.

ప్రయాణం రోజు చీకటితోనే లేచి గంగాధరరావు కారు తుడిచాడు. వరంగల్ మీదుగా పోదామన్నాడు. వెనక సీట్లో తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు, కాళ్ళ దగ్గర రాళ్ళ సంచి. షెడ్డు ముందు బసవరాజు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కారు అతన్ని దాటింది. ఉప్పల్ చేరకముందే అద్దాలు దడదడలాడాయి. పోచారం దగ్గర కారు దగ్గింది. అన్నోజిగూడ దగ్గర ఒక్కసారి ఎగిరిపడి ఆగిపోయింది.

ఎదురొచ్చిన లారీ డ్రైవరుతో కబురు పంపితే, బసవరాజు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. అతను బానెట్టు ఎత్తాడు, సూర్యకళ దిగి పక్కన నిలబడింది. ఏమీ ముట్టుకోకుండానే ఇంజను శ్రుతిలో పడింది. గంగాధరరావు సంతోషించి బయల్దేరాడు. సైకిలు కనుమరుగయ్యేసరికి కారు మళ్ళీ ఆగింది. బసవరాజు మళ్ళీ తొక్కుకుంటూ వచ్చాడు. అతను రాగానే కారు మళ్ళీ నడిచింది.

"నువ్వు కూడా ఎక్కవయ్యా. నువ్వే తోలు" అన్నాడు గంగాధరరావు విసుగ్గా.

"దుకాణం తెరిచే ఉన్నది సారూ."

"ఉంటే ఉంది. ఎక్కు."

సైకిల్ని చాయ్ హోటల్లో అప్పగించి బసవరాజు ఎక్కాడు. ఆ తరవాత కారు నూనె మీద జారినట్టు పోయింది. ముందు సీట్లో గంగాధరరావుకి ఆ హాయికి కునుకు పట్టింది. ఘట్‌కేసర్ దాటింది. వెనక సూర్యకళ ముంగురు ఒక్కటి కూడా కదలడం లేదు. పుట్టాక మొదటిసారి ఆమెకు ఎక్కడికీ పోవాలని లేదు. ఆ సంగతి తెలిసి భయమేసింది, భయమేసినా గాలి లేవలేదు.

రత్నకుమారి కూతుర్ని చూసింది, అద్దంలో బసవరాజు కళ్ళని చూసింది. తన ఒళ్ళో ఉన్న రాయిని చూసుకుంది. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ రాళ్ళు మోసి మోసి ఆమె చేతులు కాయకట్టాయి. కిటికీ అద్దం దించి ఆ రాయిని రోడ్డు పక్క పొదల్లోకి విసిరేసింది.

"బండి వెనక్కి తిప్పు నాయనా" అంది మెల్లగా.

బసవరాజు గంగాధరరావు నిద్ర వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, సారు లేస్తే ఆగమే."

"ఆగం" అంది సూర్యకళ. అచ్చం తన నాన్న అర్థంలో అంది.

బసవరాజు అద్దంలో ఆమెను చూశాడు. ఆ రోజు షెడ్డులో గంగాధరరావు ఎందుకు అంత సంతోషపడ్డాడో అతనికి ఇప్పుడు అర్థమై, పెదవుల చివర నవ్వొచ్చింది. స్టీరింగు తిప్పాడు. కారు ఆగలేదు.

గంగాధరరావు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తన గేటే ఉంది. ఇంజను నిద్రపోయే పసిపాపలా ఊపిరి తీస్తోంది.

"ఎక్కడా ఆగలేదు కదా?" అన్నాడు నిద్రమత్తులో.

"ఎక్కడా ఆగలేదండీ" అంది రత్నకుమారి.

ఆయన దిగి గేటు చూశాడు, దండెం మీద కొయ్యబారిన చీరలు చూశాడు, కూతుర్ని చూశాడు. స్టీరింగు వదలడానికి భయపడుతున్న బసవరాజుని చూశాడు. సాయంత్రం పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి, బండి ఆగమైందని బావమరిదికి తంతి కొట్టించి వచ్చాడు. దానికి కాకినాడలో ఏ అర్థం చెప్పుకున్నారో ఎవరికీ తెలీదు. కానీ అటునుంచి మళ్ళీ ఫొటోలు రాలేదు.

యాసంగి వడ్లు కల్లానికి వచ్చిన రోజున శాంతాబాయి చేట ఎత్తి పట్టుకుని నిలబడింది. గింజా పొట్టూ కలిసి కాళ్ళ దగ్గరే పడుతున్నాయి. గడ్డివాము నీడన, మెడలో కొత్త పసుపుతాడుతో సూర్యకళ కూర్చుని ఉంది.

"గాలే లేకపాయె బిడ్డా. జర ఏదన్న ఫికర్ జెయ్యరాదు?"

సూర్యకళ కళ్ళు మూసుకుని మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. రోడ్డవతల షెడ్డులో ఇంజను ఒకటి స్టార్టయింది, రెండుసార్లు దగ్గింది, తరవాత కుదుటపడింది. ఆమెకు నవ్వొచ్చింది. చేటలోంచి జారిన వడ్లు, పొట్టుతో సహా, నిట్టనిలువుగా నేల మీద పడ్డాయి.