మంగాయమ్మ గారి తాళం కప్ప

నేను ఒక ఇత్తడి తాళం కప్పను. అలీగఢ్‌లో పుట్టి, పెద్దాపురంలో ఓ ఇనుప సామాన్ల కొట్లో కొన్నాళ్లు దుమ్ము తిని, చివరికి పేర్రాజు గారి అద్దె ఇంటి గడియకు వేలాడాను. నాకు రెండు తాళంచెవులు. ఒకటి ఆయన మొలతాడుకి, రెండోది అద్దెకు దిగిన మంగాయమ్మ గారి కొంగు ముడికి.

పేర్రాజు గారు ఇళ్లు కొని అద్దెకివ్వడంలో తలపండిన మనిషి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సలహాలు ఊరికే పంచేవారు. ఆయన ఊరికే పంచింది అదొక్కటే. కొడుకు సత్తిబాబుకైతే పూటకొకటి.

"ఇల్లు కొనేముందు వానాకాలంలో ఓసారి చూడరా, గోడల్లో చెమ్మ అప్పుడే బయటపడుద్ది. అద్దె ఆలస్యమైతే ఓర్చుకో, ఇల్లు ఖాళీగా ఉంటే ఓర్చుకోకు. మనిషి మారినప్పుడల్లా తాళం కప్ప మార్చు."

ఈ చివరిది మాత్రం ఆయనే పాటించలేదు. ఇత్తడి కప్పను పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. ఒప్పి ఉంటే నాకీ కథే ఉండేది కాదు.

మంగాయమ్మ గారికి నా అనేవాళ్లు లేరు. పాలు పొంగించిన రోజే, "ఇక్కణ్ణించి ఇక కదలను బాబుగారూ" అన్నారు. ఏళ్లు గడిచి మంచాన పడ్డారు. పురోహితుడు పంచాంగం చూసి, ఈ నక్షత్రంలో లోపల ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మూసేయాలన్నాడు. పేర్రాజు గారు ఆవిణ్ణి మంచంతో సహా వీధి అరుగు మీదకి మోయించి, తలుపు మూసి నన్ను నొక్కారు.

"లోపలే పోనివ్వండి బాబుగారూ. మీకు పుణ్యముంటది."

"అరుగు కూడా ఇల్లేనమ్మా," అన్నారాయన, ఆవిడ మొహం చూడకుండా. కొడుకు వైపు తిరిగి, "ఇలాంటప్పుడు మెత్తబడితే ఇల్లు మూతపడుద్దిరా" అన్నారు.

పొద్దు వాలేలోగా ఆవిడ పోయారు. కొంగు ముడి ఎవరూ విప్పలేదు. తాళంచెవి ఆవిడతోనే కాలింది.

ఆ తర్వాతే మొదలైంది. కొత్తగా దిగినవాళ్లు తాళం వేసి సంతకెళ్లి వచ్చేసరికి నేను నోరు తెరిచి వేలాడేవాణ్ణి. ఇంట్లో చెంచా కూడా పోయేది కాదు. పొయ్యి గట్టు మీద మాత్రం పాలు పొంగిన మరక ఉండేది. ఎవరూ నిలవలేదు. వచ్చేదెవరో నాకు తెలుసు. నాలో తిరిగే చెవి వేడిగా ఉండేది, బూడిద రాలేది. నాకు నోరుంది గానీ మాట లేదు.

ఖాళీ ఇల్లు ఓర్చుకోలేక పేర్రాజు గారే అందులోకి కాపురం మార్చారు. అక్కడే మంచాన పడ్డారు. పురోహితుడు మళ్లీ పంచాంగం తీశాడు. సత్తిబాబు మంచి శిష్యుడు. తండ్రి మొలతాడు నుంచి చెవి విప్పుకుని, ఆయన్ని అరుగు మీదకి మోయించి నన్ను నొక్కాడు.

"లోపలికి తీసుకెళ్లరా. భయమేత్తంది."

"మెత్తబడకూడదని నువ్వు చెప్పిందే కదా నాన్నా," అని, పురోహితుణ్ణి సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్లాడు.

అప్పుడు వచ్చింది ఆ వేడి చెవి. నాకు ఆయన మీద కోపమే. తిప్పిన చేతిలో మాత్రం కోపం లేదు.

"రండి బాబుగారూ, లోపలికి రండి."

సత్తిబాబు తిరిగొచ్చేసరికి అరుగు మీద మంచం ఖాళీ. నేను వేసినట్టే ఉన్నాను. తాళం తీశాడు. తండ్రి లోపల చాప మీద, ప్రాణం లేకుండా, హాయిగా పడుకుని ఉన్నాడు.

ఇల్లు ఆరు నెలల పాటు మూసేశారు. మొన్న మిట్టమధ్యాహ్నం సత్తిబాబు కొత్త తాళం కప్ప పట్టుకొచ్చాడు. నన్ను తీయబోతే, లోపల పాలు పొంగుతున్న చప్పుడు వినబడింది. తలుపుకి చెవి ఆనించాడు.

"మీవాడి రోజు వచ్చినప్పుడు అరుగు మీద వదిలేయొద్దండి బాబుగారూ," అంటున్నారు మంగాయమ్మ గారు. "మనమే లోపలికి పిలుద్దాం."