ఒక్కసారే అడగాలె

ఫోన్ మోగేసరికి మొగిలి నిద్రలో ఉన్నాడు. రాత్రి షిఫ్టు చేసి, పొద్దున ఏడింటికి బొగ్గుబాయి పైకొచ్చి, క్వార్టర్‌లో స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని పడుకుని రెండు గంటలు కూడా కాలేదు. తెర మీద 'సదయ్య సారు' అని కనబడింది. ఆ వేళప్పుడు ఆ పేరు మీద ఫోన్ వచ్చిందంటే ఒకటే అర్థం. ఎక్కడో ఎవరో చనిపోయారు. లేచి వెళ్ళాలి.

"చెప్పుండ్రి సారూ" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

అవతల ఆడగొంతు వినిపించింది. "మొగిలన్నా, నేను సంధ్యారాణి టీచర్‌ను. పోయిండ్రన్నా."

పన్నెండేళ్ళ అలవాటు. నోరు దానంతటదే అడిగింది, ఎన్ని గంటలకు పోయారని. తొమ్మిదీ నలభైకి అందామె. వయసెంత అని అడిగాడు. యాభై తొమ్మిది అంది. షుగర్ గిట్ల ఉండెనా అని అడిగాడు. ఆమె అడ్డుపడింది.

"అన్నా, నేను చెప్పేది మన సదయ్య సారు గురించే."

మొగిలి మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత ఆమె చెప్పినదంతా విన్నాడు గానీ, అది వేరే ఎవరి గురించో చెబుతున్నట్టే ఉంది. ప్రార్థన అయిందట. మూడో తరగతి పిల్లలకు బోర్డు మీద లెక్క రాస్తున్నాడట. చాక్‌పీసు కింద పడితే తీసుకోవడానికి వంగి, అక్కడే నేల మీద కూర్చున్నాడట. పిల్లలు ఆటేమో అనుకున్నారట. ఆటోలో దవాఖానకు తీసుకెళితే డాక్టర్ నాడి చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడట.

ఎవరని భార్య యమున అడిగితే 'సారే' అన్నాడు మొగిలి. చొక్కా తిరగేసి తొడుక్కుని బండి తాళం కోసం వెతుకుతుంటే, ఆమే ఆపి, చొక్కా విప్పించి సరిగ్గా తొడిగింది. గూట్లో ఉండే సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. అందులో దూది, ఫారాలు, రెండు పెన్నులు ఉంటాయి. ఆ సంచి ఎందుకు తీసుకున్నాడో గోదావరిఖని దాటేదాకా అతనికే తెలియలేదు.

రేగులగడ్డ పద్నాలుగు కిలోమీటర్లు. ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు దాటి, గోదావరి వైపు దిగాలి. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో సదయ్య ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాడు. ప్రమోషన్ వచ్చిన రెండుసార్లూ వద్దని రాసిచ్చాడు. బడి అయ్యాక ముసలివాళ్ళ పింఛను కాగితాలు, పత్తి ఏరే ఆడవాళ్ళకు అక్షరాలు, ఎవరికైనా జబ్బు చేస్తే కరీంనగర్ దాకా తోడు. ఇవన్నీ ఒక ఎత్తు. కండ్ల పని ఇంకో ఎత్తు.

పదిహేనేళ్ళ కిందట ఆయన క్లాసులో ఒక ఆడపిల్లకు పత్తికట్టె గుచ్చుకుని కన్ను పోయింది. ఎవరైనా చనిపోయినవాళ్ళ కంటి పొర అతికిస్తే చూపు వస్తుందని హైదరాబాదులో డాక్టర్లు చెప్పారు. ఆ పొర కోసం ఆ పిల్ల ఏడాదిన్నర కాచుకుంది. దొరికింది, చూపు వచ్చింది. పిల్లను ఇంట్లో దించి వచ్చిన మర్నాటి నుంచి సదయ్య చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి కళ్ళు అడగడం మొదలుపెట్టాడు. ఆరు గంటల్లోపు తీయాలి. ఆ ఆరు గంటల్లో ఏ ఇంట్లోనూ ఎవరూ మాట వినే స్థితిలో ఉండరు. కొన్నిచోట్ల తిట్టారు. ఒకచోట కొట్టారు.

కొట్టింది మొగిలే. తల్లి చనిపోయిన రోజు, ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి ఆమె కళ్ళు అడిగితే, గల్లా పట్టి వాకిట్లోకి నెట్టాడు. సదయ్య కింద పడి, లేచి, దుమ్ము దులుపుకుని, వెళ్ళిపోకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. తర్వాత పాడెకు ఒకవైపు భుజం కూడా పట్టాడు. పదకొండో రోజు అయిపోగానే మొగిలి ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళాడు. క్షమించమనడానికి వెళ్ళినవాడు సంచి మోసే పనికి కుదిరిపోయాడు. ఈ పన్నెండేళ్ళలో ఎన్నో ఇళ్ళకు వెళ్ళాడు. అడగడం మాత్రం ఎప్పుడూ సారే అడిగేవాడు. ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. "ఒక్కసారే అడగాలె మొగిలీ. రెండోసారి అడిగితే అది అడుగుడు గాదు, గుంజుకునుడు" అనేవాడు.

రేగులగడ్డలో సదయ్య ఇంటి ముందు అప్పటికే ఊరంతా ఉంది. బడిపిల్లలు గోడవారన వరసగా నిలబడి ఉన్నారు. ఎవరు నిలబెట్టారో తెలియదు గానీ ఒక్కరూ కదలడం లేదు. ముందుగదిలో చాప మీద సారు పడుకుని ఉన్నాడు. కుడిచేతి వేళ్ళకు చాక్‌పీసు పొడి అలాగే ఉంది.

పైన ఫ్యాన్ తిరుగుతోంది. మొగిలి లోపలికి వెళుతూనే దాన్ని ఆపేశాడు. గాలికి కళ్ళు ఎండిపోతాయి. తల కింద దిండు ఎత్తుగా పెట్టాడు. దూది తడిపి రెండు రెప్పల మీదా పరిచాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆఖరి దూది పెట్టాక గానీ, తను ఎవరి రెప్పలు ముట్టుకున్నాడో అతని బుర్రకెక్కలేదు. అప్పుడు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. ఏడుపు రాలేదు. పక్కన ఉండి అడగాల్సిన మనిషి ఏడని, గది అంతా ఒకసారి కలియజూశాడు కూడా.

సారు భార్య అనసూర్య మూలన కూర్చుని అతన్నే చూస్తోంది. ఆమెకూ కళ్ళనీళ్ళు లేవు.

ఎవరో ఒకరు అడగాలి. సారు జేబులో కళ్ళు ఇస్తానన్న కార్డు ఉంది, దాని మీద ఆయన సంతకం ఉంది. అయినా ఇంటివాళ్ళు ఒప్పుకోనిదే ఎవరూ ముట్టుకోరు. కళ్ళు తీసే టెక్నీషియన్ వేణుమాధవ్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, మంచిర్యాలలో సిద్ధంగా ఉన్నానని చెప్పాడు. మొగిలి వెళ్ళి అనసూర్య ముందు గొంతుకూర్చున్నాడు. సారు ఎప్పుడూ అలాగే కూర్చునేవాడు.

"అక్కా, ఒక మాట అడుగుతున్న. నీకు ఇష్టముంటేనే. సారు కండ్లు ఇద్దామా?"

ఆమె వెంటనే జవాబిచ్చింది. "వద్దు మొగిలీ. దీప రావాలె. అది వచ్చి నాయిన మొఖం చూసేదాంక ఎవ్వరూ చెయ్యి వెయ్యొద్దు."

దీప వాళ్ళ కూతురు. హైదరాబాదులో ఉద్యోగం. బస్సులో బయలుదేరింది, సాయంత్రం అయిదు దాటితే గానీ రాదు. మూడూ నలభైతో ఆరు గంటలు అయిపోతాయి.

అనసూర్య ఇంకా చెప్పింది, గొంతు పెంచకుండానే. దీప పుట్టిన రోజు ఆయన ఎవరో పాముకాటు మనిషిని తీసుకుని దవాఖానలో ఉన్నాడట. ఆమె తండ్రి పోయిన రోజు ఆయన ఇంకెవరి ఇంట్లోనో కళ్ళు అడుగుతున్నాడట. "ముప్పై ఏండ్లు ఆయనను ఊరోళ్ళకే ఇచ్చిన మొగిలీ. గిప్పుడన్న నాకు ఉండనియ్యుండ్రి" అంది.

మొగిలికి చెంప మీద కొట్టినట్టయింది. ఎక్కడ కాదన్నా ఇక్కడ కాదనరని అందరూ అనుకున్నారు, అతనూ అనుకున్నాడు. తలూపి బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాడు. వేణుమాధవ్‌కు ఫోన్ చేసి వద్దన్నారని చెప్పాడు. అతను నమ్మలేదు. ఇంకొకసారి నచ్చజెప్పి చూడమన్నాడు. పక్క ఊరి నుంచి వచ్చిన బడిపంతులు ఒకాయన, సంతకం సారుదే అయినప్పుడు ఆమెను అడిగేదేముందని, తను మాట్లాడతానని లోపలికి కదిలాడు. మొగిలి అడ్డం నిలబడ్డాడు.

"సారు ఎవ్వల్నీ రెండోసారి అడుగలే. ఆయన ఇంట్లనే మనం అడుగుదుమా?" అన్నాడు.

ఆ పంతులు వెనక్కి తగ్గాడు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. పిల్లలకు బడిలో వండిన అన్నం తెచ్చి వాకిట్లోనే పెట్టారు. తన తల్లి శవం దగ్గర తను వద్దన్నప్పుడు సారు గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో, అప్పుడు ఆయన మనసులో ఏముందో ఎన్నడూ అడగలేదని మొగిలికి ఆ ఎండలో తట్టింది.

రెండు కావస్తుండగా నస్పూర్ నుంచి ఐలవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు ఆటోలు మారి వచ్చింది. ఆమె కొడుకు భూపాల్ నాలుగేళ్ళ కిందట బండి మీద నుంచి పడి చనిపోతే, సదయ్య అడిగాడు, ఆమె ఇచ్చింది. నేరుగా వెళ్ళి అనసూర్య పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, అందరికీ వినబడేలా అడిగింది.

"సారు కండ్లు ఇచ్చిండ్రా బిడ్డా?"

మొగిలి ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఐలవ్వకు ఏమీ తెలియదు. అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడిగింది.

అనసూర్య తల ఎత్తకుండానే, కొడుకువి ఇచ్చాక నీకు ఎట్లా అనిపించింది అవ్వా అని ఎదురడిగింది.

ఐలవ్వ ఆలోచించుకుని చెప్పింది. "ఏం అనిపియ్యలే. పోయిన పోరడు పోయిండు. గని ఆనాడు అందరు నన్ను ఏడువుమన్నోళ్ళే, ఊకోమన్నోళ్ళే. నీ ఇష్టమేందని అడిగింది నీ మొగడొక్కడే. ఆ దినమంతట్ల నా చేతుల ఉన్నది అదొక్కటే."

అనసూర్య చేతిని అలాగే పట్టుకుని కూర్చుంది. గోడ మీద గడియారం రెండుంబావు దాటింది. అనసూర్య లేచి వెళ్ళి మొగుడి పక్కన కూర్చుంది. రెప్పల మీది దూది ఎండిపోయి ఉంది. చెంబులో నీళ్ళు తీసి, వేళ్ళతో తనే దాన్ని తడిపింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

"మొగిలీ, తీసినంక మొఖం ఎట్ల ఉంటది? నిజం చెప్పు."

పైపొర ఒక్కటే తీస్తారని, రెప్పలు మూసే ఉంటాయని, ఏ గాయమూ కనబడదని చెప్పాడు. ఒక్కోసారి కొంచెం నెత్తురు చెమ్మ వస్తుందని, తుడిస్తే పోతుందని కూడా దాచకుండా చెప్పాడు. దీపకు తేడా తెలుస్తుందా అని అడిగింది. తెలియదన్నాడు.

"పిలువు. గని నేను ఈడనే కూసుంట."

వేణుమాధవ్ మంచిర్యాలలో ఆగలేదు. వద్దన్నారని విన్నాక కూడా బయలుదేరి వచ్చి, ఊరి బయట బస్టాపులో కూర్చున్నాడు. పది నిమిషాల్లో వచ్చాడు. మామూలుగా ఇంటివాళ్ళను బయటికి పంపుతారు. ఆ రోజు అనసూర్య లోపలే ఉంది, చాక్‌పీసు పొడి అంటిన చేతిని పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని. ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఆమె పేరు గీత దాటింది. మూడింటికి అంతా అయిపోయింది.

అయిదున్నరకు దీప వచ్చింది. తండ్రి మొహం రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. నాయిన నిద్రపోతున్నట్టే ఉన్నాడని ఆమె అన్నప్పుడు, అనసూర్య అక్కడే, అందరి ముందే చెప్పింది, కళ్ళు ఇచ్చామని, ఇమ్మన్నది తనేనని. దీప తల్లి వైపు తిరిగి చూసింది. తర్వాత తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. పొద్దు గుంకకముందే గోదావరి ఒడ్డుకు తీసుకెళ్ళారు. మొగిలి పాడెకు ముందువైపు భుజం పట్టాడు. ఒడ్డు దిగేటప్పుడు కాలు జారితే వెనక నుంచి ఎవరో నడుం పట్టి నిలబెట్టారు. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. ఎంతకీ ఆగలేదు.

మూడు వారాలకు కబురొచ్చింది. ఒక పొరే అతికించడానికి పనికొచ్చిందట, రెండోది డాక్టరీ చదువుల కోసం ఉంచుకున్నారట. ఆ సంగతి చెప్పడానికి మొగిలి రేగులగడ్డ వెళ్ళాడు. అనసూర్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎవరికి అతికించారని అడగలేదు, చెప్పరని ఆమెకు తెలుసు. పనికిరానిది ఏ కన్ను అని అడిగింది. ఎడమదని చెప్పాడు.

"ఆయనకు ఎడమ కన్ను ఆరేండ్ల సంది మసకనే ఉండె. సూపిచ్చుకొమ్మని ఎన్నిసార్లు మొత్తుకున్నా పోలే" అంది.

ఆ ఆరేళ్ళూ మొగిలి వారానికి రెండుసార్లు ఆయన వెనకే బండి మీద కూర్చుని తిరిగాడు. ఒక్కనాడూ తెలియలేదు.