వెనక పన్ను

పంటి నొప్పితో చిక్కేమిటంటే, దానికి వేళాపాళా ఉండదు. సరిగ్గా కుక్కరు మూడో కూత పెట్టేటప్పటికి, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మొగుడి చొక్కా ఉన్నప్పుడే పట్టుకుంటుంది. చెంప నొక్కుకోవడానికి మూడో చెయ్యి ఎవరికీ లేదు.

ఆవిడ ఎనిమిది నెలలు ఒకపక్కతోనే నమిలింది. మొదట్లో చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. తర్వాత వేడి కాఫీ తగిలితే పావుగంట పీకేది. "లవంగం పెట్టుకో" అన్నాడు మొగుడు, పేపరు తిప్పుతూ. ఆయనకి జలుబు చేస్తే మాత్రం ఇల్లంతా ఒంటికాలిమీద నిలబడాలి. ఓ రోజు నొప్పి ఠక్కున ఆగింది. "చూశావా, పట్టించుకోకపోతే అదే పోతుంది" అన్నాడాయన, వైద్యం తనే చేసినట్టు. నెల తిరక్కుండా చిగురుమీద చిన్న కురుపు లేచింది, దవడ వాచింది. వాపు కంటికి కనిపిస్తుంది కాబట్టి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండ్రోజులేనండీ" అన్నాడు మొగుడు.

"నేను ఆవిణ్ణి అడిగానండీ."

"ఎనిమిది నెలలు" అంది ఆవిడ.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. "నొప్పి తగ్గలేదమ్మా, నొప్పి చెప్పే నరం చచ్చిపోయింది. లోపల చీము పడుతోంది. పన్ను మాత్రం గట్టిదే. రూట్ కెనాల్ చేస్తే నిలబడుతుంది. పైన చిన్న కన్నం పెట్టి, కుళ్ళిందంతా సన్నటి సూదుల్తో గీకి, కడిగి, మూసేస్తాం. రెండుసార్లు రావాలి. చివర్న క్యాప్."

"పీకేస్తే ఒక్కరోజులో పోతుందిగా? వెనక పన్నేగా, ఎవరు చూస్తారు?" అన్నాడు మొగుడు.

"నమిలేది అదేనండీ" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక అత్తగారు సంగతంతా విని, కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేసి, బోసినోటితోనే చెప్పింది. "నావీ ఇంతేనే. వెనకదేగా అంటూ ఒక్కోటీ పీకించారు మీ మావయ్యగారు. వెనకవి అయిపోయాక ముందువి మొదలెట్టారు. వద్దనడం చేతకాక ఊరుకున్నా. నువ్వు పీకించుకోకు."

మర్నాడు ఆవిడ మొగుడితో "పీకించుకోను" అంది. చివర్న "ఏమంటారు?" అని తగిలించకుండా పెళ్ళయ్యాక మాట్లాడిన మొదటి వాక్యం అదే.

ఒక్కతే వెళ్ళింది. మత్తుసూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టయింది, తర్వాత సగం నోరు ఎవరిదో అయిపోయింది. నీళ్ళూ మందూ గొంతులోకి పోకుండా పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, డాక్టరమ్మ చెప్పింది: "నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను."

పదహారేళ్ళ సంసారంలో ఈ ఏర్పాటు ఒకటుంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. గంటసేపట్లో నొప్పి ఒక్కసారీ తెలీలేదు. అయినా మధ్యలో ఊరికే చెయ్యెత్తి చూసింది. నిజంగానే ఆపేసింది. "నొప్పిగా ఉందా అమ్మా?" అడిగింది డాక్టరమ్మ. ఆవిడ లేదన్నట్టు తల ఊపింది గానీ, కళ్ళు మాత్రం కారిపోయాయి. ఎందుకో చెబుదామంటే నోటినిండా రబ్బరు గుడ్డ, గొట్టం.

నోటి తిమ్మిరి మూడు నాలుగు గంటల్లో వదిలిపోతుందని చెప్పి పంపారు. వంకర మూతితో ఇల్లు చేరగానే మొగుడు అడిగాడు, "వంటేంటి?"

ఆవిడ నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "వారం దాకా మాట్లాడకూడదటరా. ఉప్పు కూడా చూడకూడదట. నువ్వే చూసుకో."

ఇవాళ నాలుగో రోజు. తిమ్మిరి వెళ్ళొచ్చిన సాయంత్రమే పోయింది. మొగుడు కుక్కరు కూతలు లెక్కపెడుతున్నాడు, తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుంటున్నాడు, భార్యకి కాఫీ గోరువెచ్చగా తెచ్చి, "నొప్పిగా ఉందా?" అని నిజంగానే అడుగుతున్నాడు. నిన్న అలా అడిగినప్పుడు ఆవిడకి ఆయనమీద ఎంత ప్రేమ పుట్టిందంటే, లేదని చెప్పేయబోయింది. అత్తగారు చీరకొంగు లాగింది.

అయ్యా, అమ్మా, కాస్త సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి. ఇంత మంచి మనిషికి నిజం చెప్పేయాలా? చెబితే రేపు కాఫీ ఎవరు పెడతారు? తొందరేం లేదు, నిదానంగా ఆలోచించే చెప్పండి. రెండోసారికీ, క్యాప్‌కీ మళ్ళీ వెళ్ళాలి, ఇంకో వారం కలిసొస్తుందేమో అంటోంది అత్తగారు.