సోమవారం కుండ

ఆ బూటు కాలు కుండను తన్నడం నేను కళ్ళారా చూశాను.

కుండ యూలలీ అత్తది. క్యాంపుకు వచ్చిన కొత్తలో ఒక సోమవారం పొద్దున్నే తన ట్రైలరు ఇంటి ముందు కంకర మీద ఇటుకలు పేర్చి, పొయ్యి రాజేసి, ఎర్ర చిక్కుడు గింజలు ఎక్కించింది. కాపలావాడు డ్వేన్ వచ్చాడు. తన్నాడు. రాత్రంతా నానిన గింజలు, ఉల్లిపాయ ముక్కలు, ఆదివారం నాడు దాచిన పంది ఎముక, అన్నీ కంకరలో కలిసిపోయాయి.

"బయట వంట నిషేధం. రూలు తెలీదా?"

"తెలుసు బాబూ," అంది అత్త, వంగి ఎముక ఏరుకుంటూ. "తిండిని తన్నకూడదని మీ అమ్మ పెట్టిన రూలు నువ్వు మర్చిపోయావా?"

డ్వేన్ మొహం తిప్పుకున్నాడు. అతనూ మాలాంటి నల్లవాడే. పక్క ఊరివాడు. గంటల లెక్కన కూలికి కాపలా కాస్తాడు. మనవాడి బూటుతోనే మన కుండ తన్నించడం కంపెనీవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

కార్మిక మిత్రులారా, విద్యార్థి మిత్రులారా, పోరాటం ఎక్కడ మొదలవుతుందని మీరు సభల్లో అడుగుతుంటారు. మాది వంటగదిలో మొదలైంది. దాన్ని వంటగది అనడానికి నాకు నోరు రావడం లేదు, అది వేరే సంగతి.

తుఫాను న్యూ ఆర్లియన్స్‌లో మా పేటను ముంచేశాక మమ్మల్ని బస్సుల్లో కుక్కి తెచ్చి ఇక్కడ దింపారు. ఒకప్పటి చెరకు తోట. ఒకవైపు రసాయనాల ఫ్యాక్టరీ, ఇంకోవైపు పట్నం చెత్తదిబ్బ. మధ్యలో వరసలు వరసలుగా తెల్లటి డబ్బాలు, చక్రాల మీద లాక్కొచ్చి నిలబెట్టిన ట్రైలరు ఇళ్ళు. గేటు మీద పూల బొమ్మతో బోర్డు: 'మాగ్నోలియా వనం. మీ కొత్త ఇల్లు.' వనంలో ఒక్క చెట్టు లేదు. ఆ బోర్డు మీద తప్ప మాగ్నోలియా పువ్వు ఎక్కడా పూయలేదు.

తాత్కాలికం అన్నారు. మురుగు గొట్టం పగిలి మెట్ల కింద మురుగు నిలిచిందా? తాత్కాలికమే, సర్దుకోండి. అన్నంలో ఈగలు పడుతున్నాయా? తాత్కాలికమే. మనుషుల్ని పందుల్లా చూడటానికి ఇంత మర్యాదైన మాట ఇంకోటి లేదు.

మొదటిరోజు మా ట్రైలరు తలుపు తీయగానే కళ్ళు భగ్గుమన్నాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన గోడలు. అరచేయంత మాత్రమే తెరుచుకునే కిటికీలు.

"కొత్త వాసన. అదృష్టవంతులు మీరు," అన్నాడు క్యాంపు మేనేజరు ట్రాస్క్, గుమ్మం బయటే నిలబడి. కాంట్రాక్టు కంపెనీ మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఐస్ వేసిన టీ.

నాతో ఆ ట్రైలర్లో నా చెల్లెలు మేవిస్, దాని మూడేళ్ళ కూతురు కొరీన్ ఉండేవారు. నేను ఓడరేవులో మూటలు మోసినవాణ్ణి, పేరు క్లోవిస్. ఎంత బరువైనా ఎత్తగలను. కానీ ఆ పిల్ల ఛాతీ మీద కూర్చున్న బరువును ఎత్తడం నా వల్ల కాలేదు.

సోమవారం వస్తే చాలు, కొరీన్‌కు ఊపిరి అందేది కాదు. పొద్దున బాగానే ఆడుకునేది. మధ్యాహ్నానికి ముక్కు కారేది. సాయంత్రానికి గొంతులో ఈల. పెదవులు నీలంగా మారేవి. మేవిస్ పిల్లను భుజాన వేసుకుని నర్సు గదికి పరిగెత్తేది. అక్కడ అప్పటికే తల్లుల వరస. ఎవరి పిల్లకు ముక్కులో నెత్తురు, ఎవరికి వాంతులు.

"జలుబు. ఇంట్లో ఎవరైనా సిగరెట్లు తాగుతారా?" అని నర్సు అడిగేది. తల ఎత్తకుండానే అడిగేది.

ట్రాస్క్ అయితే నవ్వాడు. "ఆదివారం తాగి తందనాలాడితే సోమవారం రోగం రాదా? మీవాళ్ళ జబ్బు నాకు తెలుసులే."

ఆ నవ్వు మా చెవుల్లో ఇంకా ఉంది. మురుగు వాసన పోతుంది గానీ అది పోదు.

సోమవారమే ఎందుకు? మేమూ బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. మా ఊళ్ళో సోమవారం అంటే గింజలు. ముత్తవ్వల కాలంలో అది బట్టలుతికే రోజు. ఆదివారపు ఎముక వేసి కుండ పొయ్యి మీదికి ఎక్కించి ఉతుకులో పడితే, సాయంత్రానికి అదే ఉడికేది. ఇప్పుడు ఉతకడానికి బట్టలు లేకపోయినా, ముంపులో ఇల్లే కొట్టుకుపోయినా, బయట వండనివ్వకపోతే లోపలైనా సరే, సోమవారం గింజలు ఉడకాల్సిందే. అది కూడా పోతే మేమెవరమో మాకే గుర్తుండదు.

అందుకే తప్పు గింజల మీదికి తోశాం.

"సహాయం పేరుతో పుచ్చు గింజలు అంటగడుతున్నారు!" అని మా వరస చివర ఉండే రుడాల్ఫ్ మామ కేకేశాడు. పెళ్ళాం పోయిన మనిషి, ప్రతిదానికీ అరుస్తాడు. ఈసారి అందరం అతనితో గొంతు కలిపాం. కంపెనీ ఇచ్చిన సంచులన్నీ మోసుకెళ్ళి ట్రాస్క్ ఆఫీసు మెట్ల మీద గుమ్మరించాం. గింజలు గలగలా దొర్లాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. గెలిచామనుకున్నాం.

ట్రాస్క్ ఒక్క క్షణం కూడా వాదించలేదు. "అలాగే. వేరే గింజలు తెప్పిస్తాను," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. యజమాని నవ్వుతూ ఇచ్చాడంటే, నువ్వు అడగాల్సింది అది కాదని అర్థం.

కొత్త గింజలు వచ్చాయి. మంచివి, నిగనిగలాడేవి. సోమవారం అందరి పొయ్యిల మీదా ఉడికాయి. ఆ సాయంత్రం కొరీన్ నా చేతుల్లోనే స్పృహ తప్పింది.

ఆసుపత్రి బండి వచ్చి పిల్లను తీసుకెళ్ళింది. రెండు రోజుల తర్వాత బతికి తిరిగొచ్చింది. ఇంకోసారి ఇలా అయితే చెప్పలేమని డాక్టరు మేవిస్‌తో అన్నాడు. పిల్లను ఎత్తుకుని మళ్ళీ ఆ గుమ్మం దగ్గరికి వచ్చాక నా చెల్లెలు మెట్టు మీదే కూర్చుండిపోయింది. "అన్నా, లోపలికి పోవాలంటే భయమేస్తోందిరా," అంది.

ఆ సాయంత్రమే నీళ్ళ ట్యాంకు దగ్గర అందరం చేరాం. గుంపుగా చేరడమూ నిషేధమే. చేతుల్లో బకెట్లు పట్టుకుని, నీళ్ళకు వచ్చినట్టు నిలబడ్డాం.

"గింజలు కాదు," అంది యూలలీ అత్త. ముప్పై ఏళ్ళు హోటళ్ళ దుప్పట్లు ఉతికిన మనిషి, గొంతు పెద్దది. "మరేంటో చెప్పండి."

"దేవుడి శాపం," అంది ఒకావిడ.

"దేవుడికి మన క్యాంపు ఒక్కటే దొరికిందా? ట్రాస్క్ ఇంటి అడ్రసు తెలీదా?"

నవ్వులు. ఇంతలో మేవిస్ గబుక్కున రుడాల్ఫ్ మామ వైపు తిరిగింది. "మామా, నీకెప్పుడైనా వచ్చిందా ఈ రోగం?"

"నాకా? నేను రాయిని."

"రాయివి కాదు, వాగుడుకాయవి. సోమవారం ఏం తింటావ్?"

మామ తడబడ్డాడు. "డబ్బా చేపలు. ఆవిడ పోయాక నేను పొయ్యి ముట్టలేదే తల్లీ. గింజలు ఆవిడ వండితేనే..." అని ఆగిపోయాడు.

ఒక్కసారిగా అందరి నోటా మాటలు. మిగతా రోజుల్లో పొయ్యి గంటకల్లా ఆరిపోతుంది, సోమవారం గింజల కోసం రోజంతా మండుతుంది. పొయ్యి వెలిగించని ఇల్లు ఇంకోటుంది, అక్కడా రోగం లేదు. ఒకామె ఇంట్లో తడి దుప్పట్లు ఆరేస్తూ హీటరు పెడితే బుధవారం కూడా పిల్లలకు కళ్ళు మండాయి. ఒకరి మాట ఇంకొకరి మాటకు ముడిపడింది. ఆ ముడి ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పలేను. అందరం కలిసే వేశాం.

మర్నాడు యూలలీ అత్త ట్రైలర్లో కుండ ఎక్కించాం. గింజల్లేవు. ఉత్త నీళ్ళు. తలుపు మూసి నేనూ, అత్తా, ఇంకొందరం లోపల కూర్చున్నాం. గోడలు చెమటలు పట్టాయి. ఆ చెమట వాసన చెప్పమంటారా? శవాలు కుళ్ళకుండా పోసే మందు వాసన. కళ్ళు ధారలు కట్టాయి. గొంతులో ముళ్ళు దిగాయి. తలుపు తన్నుకుని బయటపడి కంకర మీద బోర్లా పడ్డాం.

"గోడలు," అని అత్త దగ్గుతూ ఉమ్మింది. "వేడి తగిలితే గోడలే విషం కక్కుతున్నాయర్రా. మన పిల్లల్ని మన చేతులతోనే ఉడకబెడుతున్నాం."

వెళ్ళి చెబితే వింటారేమోనన్న ఆశ మాలో ఇంకా మిగిలే ఉంది. దాన్ని చంపింది ట్రాస్క్ కాదు, కుళాయి బాగుచేయడానికి వచ్చిన ఒక కుర్ర పనివాడు. ముక్కుకు రబ్బరు ముసుగు బిగించుకుని వచ్చాడు.

"ఏం నాయనా, మొహానికి అదేంటి?" అంది అత్త.

"కంపెనీ రూలు పెద్దమ్మా. లోపలికి పోతే పెట్టుకోవాలంట."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

మాకు తాళంచెవులు ఇవ్వకముందే వాళ్ళ పనివాళ్ళకు ముసుగులు ఇచ్చారు. తెలుసు. అంతా తెలుసు. నీలం పెదవుల పిల్లను చూసి జలుబు అన్నప్పుడూ తెలుసు. గింజలు మార్చినప్పుడూ తెలుసు. నాకు కోపం రాలేదు. పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాను.

అందరం ట్రాస్క్‌ను మా ట్రైలరు దగ్గరికి పిలుచుకొచ్చాం. మేవిస్ తలుపు తీసి పట్టుకుంది.

"లోపలికి రండి సార్. కూర్చోండి. కాఫీ ఇస్తాను."

"పర్లేదు. ఇక్కడే చెప్పండి."

"ఒక్క కప్పే సార్. పొయ్యి వెలిగిస్తాను, ఎంతసేపు."

ట్రాస్క్ వెనక్కి అడుగు వేశాడు. ఆ అడుగు అందరూ చూశారు.

"మా పిల్ల పడుకునే చోట నువ్వు కూర్చోలేవా?" మేవిస్ తలుపు ఇంకా తెరిచే పట్టుకుంది. "ఈ పెట్టెలు మార్చండి. అప్పటిదాకా బయట వండుకోనివ్వండి. ఇంతే."

"మార్చడం నా చేతుల్లో లేదు. బయట వంట అగ్ని ప్రమాదం. మీ భద్రత కోసమే చెబుతున్నా."

భద్రత! థూ!

ఆదివారం అంతా పుల్లలు ఏరాం. తుఫాను కూల్చిన పెకాన్ చెట్లు రోడ్డు పక్కనే పడున్నాయి. మా ఇళ్ళను కూల్చిన గాలే మాకు కట్టెలు మిగిల్చింది. సోమవారం తెల్లవారగానే క్యాంపు నడిబొడ్డున, ట్రాస్క్ ఆఫీసు కిటికీకి ఎదురుగా పొయ్యి పెట్టాం. పీతలు ఉడికించే పెద్ద కుండ ఎక్కించాం. ప్రతి ఇంటి నుంచీ గింజలు వచ్చాయి. రుడాల్ఫ్ మామ డబ్బా చేపలు తెస్తే ఆడవాళ్ళు తరిమారు.

"పో మామా! గింజల్లో చేపలేంటి, నీ మొహం!"

"మరి నేనేం తేవాలే?"

"నోరు తెచ్చావుగా. దాంతో అరుస్తూ ఉండు. అది చాలు."

కొరీన్ మేవిస్ ఒళ్ళో, ఆకాశం కింద కూర్చుంది. మధ్యాహ్నం అయింది. పిల్ల గొంతులో ఈల లేదు. మేవిస్ మాటిమాటికీ దాని ఛాతీకి చెవి ఆనించి వింటోంది.

షెరీఫు పోలీసుల కార్లు అప్పుడే వచ్చాయి. ట్రాస్క్ మైకు పట్టుకున్నాడు. "ఈ క్షణమే లోపలికి వెళ్ళనివాళ్ళ ట్రైలర్లు రద్దు చేస్తాను!"

ఒక్క క్షణం భయం మా మీదుగా నడిచింది. ఎటు పోతాం? మా ఇళ్ళు బురదలో ఉన్నాయి. అప్పుడు రుడాల్ఫ్ మామ పగలబడి నవ్వాడు.

"అయ్యా, శవపేటిక ఖాళీ చేయమని బెదిరించేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను!"

నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. మేవిస్ లేచి, పిల్లను నా చేతిలో పెట్టి, ట్రైలర్లోకి వెళ్ళి పరుపు ఈడ్చుకొచ్చి కుండ పక్కన పడేసింది. "రద్దు చేసుకో," అంది. ఆ వెంటనే వరసలన్నిట్లో తలుపులు తెరుచుకున్నాయి. పరుపులు, మంచాలు, ఊయలలు, అన్నీ బయటికి వచ్చాయి.

"డ్వేన్!" ట్రాస్క్ అరిచాడు. "ఆ కుండ తన్నెయ్!"

డ్వేన్ కుండ దాకా నడిచాడు. ఆడవాళ్ళు అడ్డం రాలేదు. యూలలీ అత్త గరిటె తిప్పుతూనే ఉంది. డ్వేన్ కుండలోకి చూశాడు. తర్వాత నా చేతుల్లో ఉన్న కొరీన్‌ను చూశాడు. టోపీ తీశాడు.

"మరుగుతోంది సార్. మీరే తన్నండి."

ట్రాస్క్ తన్నలేదు. అలాంటివాళ్ళకు ఇంకొకడి కాలు కావాలి. వేలెత్తి అత్తను చూపించాడు. షెరీఫు మనుషులు ఆమె చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. గుంపు ముందుకు దూసుకుపోయింది.

"ఆగండ్రా!" అత్త కేక. "పొయ్యి దగ్గర తోపులాటేంటి, బుద్ధి లేదూ! మేవిస్, గరిటె తీసుకో."

మేవిస్ గరిటె అందుకుంది. కారు తలుపు మూస్తుంటే అత్త మెడ బయటికి చాచింది.

"నేనొచ్చేసరికి నా గిన్నె నాకుండాలి. కలుపుతూ ఉండండి. అడుగంటనివ్వకండి!"

కారు వెళ్ళిపోయింది. ఎవరూ లోపలికి పోలేదు. చెయ్యి నొప్పెడితే గరిటె పక్కవాళ్ళకిస్తూ వంతులవారీగా కలిపాం. నా వంతు వచ్చినప్పుడు తల ఎత్తి చూస్తే, హైవే అవతల మాలాంటిదే ఇంకో క్యాంపు, ఇవే పెట్టెలు, ఇదే కంపెనీ, అక్కడా ఆరుబయట ఒక పొయ్యి పొగ లేచింది. దాని పక్కనే ఇంకొకటి.

డ్వేన్ కట్టెలు మోసుకొచ్చి పొయ్యిలో వేశాడు.