బాగున్నానని సంతకం

డెల్ హ్రుస్కా మెట్లు దిగలేకపోయాడు.

మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా కమ్మీ పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఆరున్నర అడుగుల మనిషి, ఎదురు జట్టువాళ్ళు ముగ్గురు కలిసి తోసినా కదలనివాడు, మెట్టు మీద చతికిలబడి తన కాలు తనే రెండు చేతులతో ఎత్తి కింది మెట్టు మీద పెట్టుకుంటున్నాడు. అతని పెట్టె పట్టుకుని వెనకాల ఎమోస్ టాలివర్ నిలబడ్డాడు. మధ్యాహ్నం మూడు గంటలు. శిక్షణ కోసం అద్దెకు తీసుకున్న ఆ కాలేజీ హాస్టల్లో ప్రతి తలుపు దగ్గరా ఆటగాళ్ళు నిలబడి చూస్తున్నారు. యాభైమంది. పులుల్లాంటి మనుషులు. ఒక్కడూ నోరు మెదపలేదు. ఆ నోళ్ళు ఎలా తెరుచుకున్నాయన్నదే ఈ కథ.

"ఎత్తుకోనా?" అన్నాడు ఎమోస్.

"ముట్టుకున్నావంటే చంపేస్తా."

ఆరేళ్ళుగా ఇద్దరూ భుజం భుజం ఆనించి ఆడినవాళ్ళు. ఎమోస్ అలబామా పత్తిచేల నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, డెల్ ఒహాయో ఉక్కు మిల్లుల్లో పుట్టిన స్లోవాక్ కూలివాడి కొడుకు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడడం వాళ్ళ పని. ఆ గోడ పేరు లైను. మనిషి వచ్చి మీద పడితే కాచుకోవాలి, కాచుకోలేకపోతే పడాలి. పడ్డా పక్కకి తప్పుకోకూడదు.

కింద కారు దగ్గర డెల్ భార్య రీటా ఉంది. ఆమె మొగుణ్ణి చూసి ఏడవలేదు. ఎమోస్ పెట్టె డిక్కీలో పెడుతుంటే దగ్గరకొచ్చి, "నువ్వేగా చెప్పింది, నొప్పి లేదని చెప్పమని?" అంది.

ఎమోస్ డిక్కీ మూశాడు. చెప్పింది తనే.

పదిరోజుల కిందట ప్రాక్టీసులో డెల్ మోకాలు మీద ఇద్దరు పడ్డారు. ఆటలోగానీ ప్రాక్టీసులోగానీ దెబ్బ తగిలినవాణ్ణి బాగయ్యేదాకా తీసెయ్యకూడదని అగ్రిమెంటులో ఉంది. సీజను జీతం ఇవ్వాలి, వైద్యం చేయించాలి. బాగున్నవాణ్ణి మాత్రం ఏ పూటకి ఆ పూట వెళ్ళిపొమ్మనొచ్చు, ఒక్క డాలరు ఇవ్వక్కర్లేదు. నాలుగేళ్ళ అగ్రిమెంటని పత్రికల్లో గొప్పగా రాస్తారే, అది ఆటగాడు ఇంకో జట్టుకి వెళ్ళకుండా కట్టేయడానికి నాలుగేళ్ళు. ఆటగాణ్ణి ఉంచుకోవడానికి ఒక పూట. ఎంత నీతిగల కాగితమో చూడండి.

మరి దెబ్బ తగిలినవాడు నొప్పి అని చెప్పొచ్చు కదా? చెప్పడు. ఈ వృత్తిలో నొప్పి అన్నవాడు మగవాడే కాదని పన్నెండో ఏటినుంచి నూరిపోస్తారు. వాడి చోటు కోసం వెనకాల ఇద్దరు కాచుకుని ఉంటారు. అందుకే ఆ రోజు పొద్దున వైద్యుడి గది బయట వరసలో నిలబడి ఎమోస్ డెల్ చెవిలో చెప్పాడు: "నొప్పి అనకు. అన్నావంటే నీ పనైపోయినట్టే. బాగానే ఉందని సంతకం పడేసి బయటపడు."

జట్టు వైద్యుడు విట్లాక్ మొదట డెల్ మోకాట్లో నొప్పి తెలియకుండా సూది పొడిచాడు. పది నిమిషాలాగి, "కూర్చుని లే," అన్నాడు. మొద్దుబారిన కాలితో డెల్ కూర్చుని లేచాడు. "బాగున్నానని సంతకం పెట్టు," అన్నాడు విట్లాక్. డెల్ పెట్టాడు. గంట తిరక్కుండా కోచ్ మనిషి గదికి వచ్చి, "పిలుస్తున్నారు, పుస్తకం పట్టుకురా," అన్నాడు. ఆట ఎత్తుల పుస్తకం వెనక్కి అడిగారంటే ఉద్యోగం ఊడిందని అర్థం. సూది మందు దిగేసరికి డెల్ జట్టులో లేడు. బాగున్న మనిషి కింద లెక్కవేసి కరివేపాకులా తీసి పారేశారు.

కారు గేటు దాటాక ఎమోస్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక ఎమోస్ స్నానాల గదిలో కుళాయిలన్నీ తిప్పేశాడు. ముప్ఫై కుళాయిల హోరులో బయట కోచ్ మనుషులకి ఒక్క మాట వినపడదు. ఆవిరిలో యాభైమంది దిసమొలలతో నిలబడ్డారు. చరిత్రలో ఇంత సిగ్గులేని సభ ఇంకోటి జరిగి ఉండదు.

"శుక్రవారం వైద్య పరీక్ష ఉంది," అన్నాడు ఎమోస్. "ఆదివారం మొదటి ఆటకి ముందు అందరం తూకం ఎక్కి బాగున్నామని సంతకం పెట్టాలి. ఈసారి పెట్టొద్దు. ఒంట్లో ఎక్కడెక్కడ విరిగిందో అంతా రాసుకోమందాం."

"నిజం చెబుదామంటావా?" అన్నాడు లైను మధ్యలో నిలబడే బండమనిషి ఓటిస్ ఫెన్. "ఒరేయ్, మనం నిజం చెబితే ఆదివారం బంతి మోసుకెళ్ళేవాడు కూడా మిగలడురా!"

అందరూ గొల్లుమన్నారు.

"నేననేది అదే. ఒక్కడు చెబితే వాణ్ణి తొక్కేస్తారు. అందరం చెబితే? దెబ్బ తగిలినవాణ్ణి తీసెయ్యడానికి లేదు, ఆడించడానికీ లేదు. స్టేడియంలో అరవై వేలమందిని కూర్చోబెట్టి స్ట్రాండ్ ఏం చూపిస్తాడు, తన మొహమా?"

హోవర్డ్ స్ట్రాండ్ అంటే జట్టు యజమాని. సిమెంటు కంపెనీలు ఆయనవి, స్టేడియం ఆయనది, ఆటగాళ్ళూ ఆయనవాళ్ళే అని ఆయన అనుకుంటాడు.

"మనకేం కావాలో అది చెప్పు," అన్నాడొకడు ఆవిరిలోంచి.

"డెల్‌కి జీతం, వైద్యం. ఎన్నేళ్ళకి రాస్తే అన్నేళ్ళకీ జీతం గ్యారంటీ. మనకి సొంత వైద్యుడు."

బూన్ కెల్లర్ ముందుకొచ్చాడు. ఎదురువాళ్ళని పడగొట్టే దళానికి నాయకుడు, జట్టులో అందరికంటే గట్టి పిండం. "నీకేం అన్నా, ముసలాడివి. రేపో మాపో పోయేవాడివి. నాకింకా ఐదేళ్ళ ఆట ఉంది. బ్యాంకులో ఇంటి అప్పుకి స్ట్రాండ్ పూచీ ఉన్నాడు. ఆయన ఉప్పు తింటున్నా."

"ఆయన ఉప్పు నువ్వు తింటున్నావా, నీ మోకాళ్ళు ఆయన తింటున్నాడా?" అన్నాడు ఓటిస్.

"నోర్ముయ్యి బండోడా!"

ఇద్దరూ కలబడేవాళ్ళే. అప్పుడు ఎమోస్ పక్కనున్న వేడినీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పి, పొగలు కక్కే నీళ్ళ కింద కుడిచెయ్యి పెట్టాడు. పెట్టి, కెల్లర్ మొహంలోకి చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. "రెండేళ్ళ కిందట మెడ విరిగింది. సూది వేసి ఆడించారు. అప్పటినుంచి ఈ చేత్తో నా కూతురి చెంప తడిమినా నాకు తెలీదు." చర్మం ఎర్రగా కమిలిపోతోంది. అతని మొహంలో ఏ మార్పూ లేదు. కెల్లరే కెవ్వున అరిచి ఆ చేతిని బయటికి లాగేశాడు.

"ఇది కాగితమ్మీద పడిందంటే ఈ దేశంలో ఏ జట్టూ నన్ను గేటు లోపలికి రానివ్వదు," అన్నాడు ఎమోస్. "నాకు ఇంకో పని రాదు. అయినా శుక్రవారం నేనే ముందు చెబుతా."

ఓటిస్ వెనక్కి తిరిగి తన నడుం మీది కుట్లు చూపించాడు. ఇంకొకడు భుజం చూపించాడు. తుడిచినా తడి ఆరని ఆ గదిలో మొట్టమొదటిసారి ఒకరి ఒళ్ళు ఒకరు నిజంగా చూసుకున్నారు. ఏళ్ళతరబడి కలిసి స్నానం చేసినవాళ్ళే, ఎవడి నొప్పి వాడే దాచుకున్నారు.

తలుపు దగ్గర క్రెయిగ్ లాసిటర్ బట్టలతోనే నిలబడ్డాడు. బంతి విసిరేవాడు, జట్టుకి ముద్దుబిడ్డ. జీతం మొత్తానికి గ్యారంటీ ఉన్నది యాభైమందిలో అతనొక్కడికే. "నన్నిందులోకి లాగకండి," అన్నాడు.

"నిన్నెవడు లాగాడు బాబూ?" అన్నాడు ఓటిస్. "జుట్టు తడుస్తుంది, బయటికెళ్ళు."

శుక్రవారం పొద్దున లాసిటర్ అందరికంటే ముందొచ్చి బాగున్నానని సంతకం పెట్టాడు. అతను చొక్కా వేసుకుంటుండగా ఎమోస్ తూకం ఎక్కాడు. తలుపు తెరిచే ఉంది. బయట నడవ పొడుగునా లాగులు మాత్రం తొడుక్కున్న మనుషులు వరసగా నిలబడ్డారు.

"ఎలా ఉన్నావ్?" విట్లాక్ తలెత్తకుండానే అడిగాడు. కాగితం మీద ఏం రాయాలో అప్పటికే రాసేసి ఉంది.

"బాగాలేను సార్. రాసుకోండి. మెడ ఎముక. కుడిచేతిలో మూడు వేళ్ళు. ఎడమ మోకాలు. తలకి దెబ్బ మూడుసార్లు. ఒకసారి మా ఊరి పేరు కూడా మర్చిపోయాను."

విట్లాక్ కళ్ళజోడు తీశాడు. గొంతు తగ్గించాడు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఇది రాశానంటే నీ బతుకు ఇక్కడితో సరి. నువ్వు మంచివాడివి, ఎమోస్. సంతకం పెట్టి పో."

"రాయండి."

వైద్యుడు కలం కింద పెట్టి ఫోను తీశాడు. ఇరవై నిమిషాల్లో స్ట్రాండ్ వచ్చాడు, ఒక ప్లీడరుతో, ఇద్దరు కాపలావాళ్ళతో. స్ట్రాండ్ కోపంగా లేడు. తొమ్మిది కాగితాలు బల్లమీద పరిచాడు.

"ఏడాదికొకటి. అన్నిటి మీదా నీ సంతకమే, బాగున్నానని. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? అప్పుడైతే తొమ్మిదేళ్ళు నన్ను మోసం చేశావ్. ఇప్పుడైతే పని ఎగ్గొడుతున్నావ్. ఎటు చూసినా నీ అగ్రిమెంటు రద్దు. పుస్తకం ఇక్కడ పెట్టి పో."

నడవలో అలజడి రేగింది. ఈ దెబ్బ ఎవడూ ఊహించలేదు. ప్రతివాడికీ ఏడాదికో సంతకం ఉంది. వాళ్ళ అబద్ధంతోనే వాళ్ళ మెడకి ఉరి బిగించాడు దొర.

"అబద్ధమే ఆడాను సార్," అన్నాడు ఎమోస్. నడవ చివరిదాకా వినపడింది. "తొమ్మిదేళ్ళూ ఆడాను. మొన్న డెల్ చేత కూడా ఆడించాను, ఆ పాపం నాది. మరి ప్రతి ఆదివారం పొద్దున నా మెడలో సూది ఎవరు పొడిచారు? బాగున్నవాడికి సూదెందుకు డాక్టర్?"

"నాకూ పొడిచాడు!" నడవలోంచి ఓటిస్ అరిచాడు.

"నాకూ!"

"నాకు ఆట మధ్యలో పొడిచాడు!"

విట్లాక్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. స్ట్రాండ్ మాత్రం చెయ్యెత్తి అందరూ ఆగేదాకా ఆగాడు. "ఈ ఊళ్ళో మిల్లులు మూతబడి రెండేళ్ళయింది. గేటు బయటికెళ్ళి ఒక్క కేకేస్తే వెయ్యిమంది వస్తారు. మీ బట్టలు తొడిగి ఆదివారం వాళ్ళనే దింపుతా. మీరు చచ్చారో బతికారో చూసేవాడెవడు?"

చొక్కా వేసుకుని గది మూల నిలబడి చూస్తున్న లాసిటర్ నోరు విప్పాడు. "ఎవరు సార్ వాళ్ళు?"

"ఏమిటి?"

"ఆదివారం నా ముందు నిలబడేవాళ్ళు. వాళ్ళ పేర్లేమిటి? ఎప్పుడైనా ఆడారా?"

"నీ జీతం నీకొస్తుంది. నోరు మూసుకుని కూర్చో."

లాసిటర్ లెక్క వేసుకుంటున్నట్టు మొహం పెట్టాడు. జీతానికి గ్యారంటీ ఉంది గానీ, ఒంటి ముందు నిలబడే గోడకి లేదు. ఆ గోడ ఇప్పుడు లాగులతో నడవలో ఉంది.

"వీణ్ణి బయటికి ఈడ్చండి," అన్నాడు స్ట్రాండ్ ఎమోస్‌ని చూపించి.

కాపలావాడు ఎమోస్‌ని వెనకనుంచి మెడ పట్టుకుని తోశాడు. చిన్న తోపే. ఎదురు జట్టువాళ్ళ తోపు ముందు అదేపాటి. కానీ ఎమోస్ చేతులు రెండూ ఒక్కసారి వేలాడిపోయాయి. గడప మీద, సగం గదిలో, సగం నడవలో అడ్డంగా పడి వెల్లకిలా దొర్లాడు. లేవబోయాడు. చేతులు మాట వినలేదు. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు.

వైద్యుడు కుర్చీలోంచి కదలకుండానే, "ఏం కాలేదు, లేస్తాడు," అన్నాడు. ఇరవై ఏళ్ళ అలవాటు.

నడవ అంతా ఒక్కసారి ముందుకు ఉరికింది. కెల్లర్ కాపలావాడి గొంతు పట్టేసుకున్నాడు. అప్పుడు నేల మీదనుంచి ఎమోస్ అరిచాడు. ఆ అరుపుకి ఊపిరంతా పోయింది. "కొట్టకండిరా! వాళ్ళకి కావలసింది అదే! జైల్లో తోసి ఆదివారం కొత్తవాళ్ళని దింపుతాడు. లైను విడవకండి! లైను!"

కెల్లర్ పళ్ళు కొరుకుతూ చెయ్యి వదిలేశాడు. ఎమోస్ తల పక్కన తన తువ్వాలు మడిచి ఆనించాడు, మెడ కదలకుండా. "అంబులెన్సు పిలవండి!" అని కేకేశాడు. వెనకనుంచి ఒకడు పరిగెత్తాడు. మిగతావాళ్ళు ఎవరి చోట్లో వాళ్ళు మళ్ళీ నిలబడ్డారు. కెల్లర్ ఎమోస్‌ని దాటి గదిలోకి వెళ్ళి తూకం ఎక్కాడు.

"రాయి డాక్టర్."

"బూన్," అన్నాడు స్ట్రాండ్ మెల్లగా. "ఇంటి అప్పు గుర్తుందా?"

"గుర్తుంది సార్. రాయి డాక్టర్. కుడి మోకాలు, రెండుసార్లు కోశారు. ఎడమ చీలమండ. పక్కటెముకలు నాలుగు. సూదులు ఎన్నో నాకు గుర్తులేదు, నీకే తెలుసు."

ఎమోస్ పైకప్పు చూస్తూ పడున్నాడు. భయంగా ఉంది. ఇంక తను నడుస్తాడో లేదో తెలియదు, ఇంట్లో భార్య వెర్నాకి ఎవరు చెబుతారో తెలియదు. కానీ కెల్లర్ గొంతు వినపడుతోంది. ఆ తర్వాత ఓటిస్ గొంతు, నడుం దగ్గర మొదలుపెట్టి కిందికి. మనుషులు ఒక్కొక్కరే అతన్ని జాగ్రత్తగా దాటి లోపలికి వెళ్తున్నారు. చొక్కా విప్పి చేత్తో పట్టుకున్న లాసిటర్ బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. కాస్త జరిగి చోటిచ్చారు.

"చాలు! తలుపు మూసెయ్యండి!" అని అరిచాడు స్ట్రాండ్. మొదటిసారి అతని గొంతు చీలింది.

మూయడానికి వీల్లేదు. గడప మీద ఎమోస్ ఉన్నాడు. అతని వెనక నడవ చివరిదాకా మనుషులున్నారు. ఒకడు దిగాడు, తర్వాతివాడు తూకం ఎక్కాడు.